కొంగకు కౌలు

మా గోదావరి డెల్టా వారికి నీటికి వెల కట్టుట క్రొత్త గాదు. 1847లో కాటన్ దొర ధవళేశ్వరమున ఆనకట్ట పని మొదలుపెట్టించి 1852లో ముగించెను. అంతకు పూర్వము ఈ భూములు గోదావరి పొంగినప్పుడు మునుగుచు, పొంగనప్పుడు ఎండుచు, యజమానులకు బరువై యుండెడివి. అట్టి సొంత భూములను సర్కారు సొమ్ముతో సర్కారు ఇంజనీర్లు బాగుచేసిరి. పట్టా రైతు పేరనే నిలిచినది. కాలువ సర్కారుదైనది. రైతు నీటితీరువ కట్టెను. సొంత భూమి మేలునకు సర్కారు చేయి సాచుట తప్పని మా జిల్లాలో నాటినుండి నేటివరకు ఎవ్వరును అనలేదు.

ఈ లావాదేవీలో ఒక న్యాయము ఇమిడియున్నది. సర్కారు నీరిచ్చినచో రైతు డబ్బియ్యవలెను. ఇంతవరకు అందరమును ఒప్పుకొందుము. దీనినే తిరుగవేసి చూచినచో ఏమగును? రైతే నీటికి తన భూమిలో చోటిచ్చి, ఆ నీటిని నమ్ముకొన్న పక్షికిని కప్పకును నత్తకును తావిచ్చి, అందువలన తన పంటను వదలుకొన్నచో, ఆతనికి సర్కారు ఏమైన ఇయ్యవలదా? ఈ ప్రశ్నను చదువరుల యెదుట నుంచుటకే ఈ వ్యాసము.

ఇది నాకు పుస్తకములనుండి పుట్టిన ప్రశ్న గాదు, భూమినుండి పుట్టినది. ఆకివీటి దాపున, ఉప్పుటేటిలోనికి దిగు మురుగుకాలువ ప్రక్క, మా పుట్టింటివారికి మాగాణి కలదు. 1986లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ హిందూ వారసత్వ చట్టమును సవరించి, అప్పటికి పెండ్లికాని కుమార్తెలకు పూర్వికుల ఆస్తిలో కుమారులతోపాటు భాగము కల్పించినది. ఆ మరుసటి యేడు నాకు వివాహమైనది. దేశమంతటి ఆడపడుచులకు ఈ హక్కు 2005లో గాని దొరకలేదు గనుక, మేము పందొమ్మిదేండ్లు ముందుంటిమని గొప్పగా చెప్పుకొనవచ్చును. చట్టము వచ్చినంతమాత్రమున వాటా రాదనియు, అడిగిన ఆడపడుచునకు పుట్టింట వడ్డన తగ్గుననియు సోదరీమణులకు నేను చెప్పనక్కరలేదు. మా నాన్నగారు ధర్మబుద్ధి గలవారు గనుక నాకు రెండున్నర యెకరములు కాగితముపై వ్రాసియిచ్చిరి.

ఆ రెండున్నరలో ఎగువ ఎకరమున్నర మంచి చేను. దిగువ ఎకరము పల్లపు మడి. దానికి ఆనుకొనియున్న చేలన్నియు గడచిన ముప్పది యేండ్లలో ఒకటొకటిగా చేపల చెరువులైనవి. చెరువునకు గట్టు నిలువెత్తున లేచును. అంతకు మునుపు చేనినుండి చేనికి జారి బోదెలో కలియుచుండిన వాననీరు ఇప్పుడు దారి లేక నా పల్లపు మడిలో చేరి కూర్చుండును. ఐదేండ్లలో మూడేండ్లు సార్వా పైరు మునుగును. దాళ్వా మాత్రము పండును. మడిలో నీరు నిలిచిన ఆ మూడు నాలుగు నెలలును నత్తగుల్ల కొంగలు పదులకొలది దిగి, వంగిన ముక్కులతో బురద వెదకుచు, మనుష్యులను లక్ష్యపెట్టక తిరుగుచుండును. పంట పోయినదని మేమేడ్చుచుండగా వానికి పండుగ.

కొంగలు మా మడికే యేల వచ్చునని అడుగవచ్చును. చుట్టును ఇన్ని చెరువులున్నవి. అందులో నీరును చేపలును ఉన్నవి గదా! ఇక్కడనే చాలమంది పొరబడుదురు. చేపల చెరువు లోతుగా త్రవ్వినది; గట్టు గోడవలె నిలువుగా దిగును. కొంగకు కావలసినది ఈదుటకు నీరు గాదు, నిలుచుటకు నీరు. దాని కాలి పొడవునకు మించిన లోతులో అది మేయజాలదు. జానెడు నీరు, మెల్లగా వాలిన ఒడ్డు, అడుగున బురద, నడుమ నడుమ తుంగయు కలువయు, దగ్గరలో గూడు కట్టుటకు చెట్టు - ఇంతయు కలిసి యున్న చోటే దానికి ఇల్లు. ఈదుచు వేటాడు గూడబాతును నీటికాకియు చెరువులోనే మేయగలవు. అవి వచ్చినచో చెరువు యజమాని టపాకాయలు కాల్చి తరుమును. లేదా చెరువుపై వల కప్పును. ఆ వలలో రెక్క తగులుకొని చచ్చిన పక్షులను నేను కన్నులార చూచితిని. చెరువువానిని నిందించుటకు నాకు నోరాడదు. ఆతడు అప్పు తెచ్చి పిల్లచేపలను వదలినాడు; మేత కొన్నాడు. గూడబాతుల గుంపు ఒక ఉదయము దిగినచో ఆతని వడ్డీ పోవును.

ఇక మా పొరుగున నున్న కొల్లేటి సంగతి చెప్పకున్న ఈ ప్రశ్న బోధపడదు. కృష్ణా గోదావరీ డెల్టాల నడుమ నున్న ఈ మంచినీటి సరస్సులోనికి బుడమేరు, తమ్మిలేరు మొదలగునవి వచ్చి చేరును. ఉప్పుటేరు ఒక్కటియే దాని నీటిని సముద్రమునకు చేర్చును. నీరు సముద్రమట్టమునకు పదియడుగుల ఎత్తునకు లేచినచో కొల్లేరు 901 చదరపు కిలోమీటర్లు పరచుకొనును. ఐదడుగుల గీత లోపల 308 చదరపు కిలోమీటర్లు. సరస్సు అనగా ఒక గుంట గాదు. ఉబ్బుచు తగ్గుచు నుండు ఊపిరితిత్తి వంటిది. తగ్గిన కాలమున బయటపడిన నేలలో మనుష్యులు దాళ్వా పండించుకొనిరి; ఉబ్బిన కాలమున పక్షులు వచ్చెను. ఈ వంతులు చాలకాలము సాగినవి.

1976 ప్రాంతమున సర్కారే సరస్సులో చేపల చెరువులు త్రవ్వించి మత్స్యకారుల సహకార సంఘములకిచ్చెను. పేదవారికి బ్రతుకుతెరువు చూపవలెనన్న ఉద్దేశము మంచిదే. ఆ త్రోవలోనే కాలక్రమమున డబ్బుగలవారు దిగిరి; వేల యెకరములు గట్ల పాలైనవి. 1999లో ఐదడుగుల గీత లోపలి భాగమును వన్యప్రాణి అభయారణ్యముగా ప్రకటించిరి. 2002లో కొల్లేరు అంతర్జాతీయ ప్రాముఖ్యము గల చిత్తడినేలగా రామ్‌సార్ జాబితాకెక్కెను. 2006లో సుప్రీంకోర్టు ఆజ్ఞ ననుసరించి యంత్రములతోను మందుగుండుతోను గట్లను పగులగొట్టిరి. దానికి ఆపరేషన్ కొల్లేరు అని పేరు. 2008లో శాసనసభ ఆ గీతను మూడడుగులకు దించుమని తీర్మానించెను. దానిని పరిశీలింప నియమింపబడిన అజీజ్ సంఘము అందుకొప్పుకొనలేదు. త్రవ్వించిన చేయియు ఒకటే, పగులగొట్టిన చేయియు ఒకటే.

చదువరులు గమనింపవలసిన విషయము మరియొకటి కలదు. ఆ గీత లోపలిదంతయు సర్కారు భూమి గాదు. సుమారు 15 వేల యెకరములు జిరాయితీ, అనగా పట్టా కలిగి శిస్తు కట్టుకొనుచు వచ్చిన వారి సొంత భూమి. అభయారణ్యమైన పిమ్మట పట్టా కాగితము వారి పెట్టెలో నున్నది. భూమి వారిది గాక పోయినది. చెరువు త్రవ్వరాదు. కొనువాడు లేడు. సర్కారు కొనలేదు, కౌలుకును తీసికొనలేదు. పరిహారపు మాట ఎన్నికలకొకసారి లేచి అణగుచుండును. 2025లో సుప్రీంకోర్టువారి కేంద్ర సాధికార సంఘము వచ్చి కొల్లేటి గ్రామములలో మొరలు వినవలసివచ్చినదనగా, చిక్కు ఎంత ముదిరినదో తెలియును.

ఈ చిక్కువలన గలిగిన గొప్ప నష్టము డబ్బు గాదు. ఆ యూళ్ళలో పక్షిమీద పగ పుట్టినది. "మా భూమి కొంగల పాలైంది" అన్న మాట కైకలూరు సంతలో నేను విన్నాను. కొంగ ఎవ్వరి పట్టాను దొంగిలింపలేదు. అయినను దాని పేరు చెప్పి మనుష్యుని చేతిలోని కూడు లాగినప్పుడు, మనుష్యుడు దానినే కదా ద్వేషించును?

ఒకప్పుడు మా ప్రాంతమున ఇట్లు లేదు. కేరళదేశీయుడైన పక్షిశాస్త్రజ్ఞుడు కె. కె. నీలకంఠన్ 1946లో కొల్లేటి దరిదాపుల నున్న ఆరేడు అను గ్రామమున గూడబాతుల కొలువును చూచెను. మూడేండ్ల తరువాత బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమువారి పత్రికలో దానిని గూర్చి విపులముగా వ్రాసెను. అవి వనమునందు గాదు, ఊరి చెట్లమీద గూళ్ళు కట్టుకొన్నవి. ఊరివారి క్రిందను, వాని పైనను, వేర్వేరు సంసారములు సాగినవి. 1970 దశకము నాటికి ఆ కొలువు లేకపోయెను. అభయారణ్యము లేని రోజులలో ఉన్న పక్షులు, అభయారణ్యము వచ్చునాటికి ఊరు వదలినవి! ఇప్పుడు ఆటపాకలో అటవీశాఖవారు నీటి నడుమ ఇనుప మంచెలు నిలిపి గూడబాతులకు గూళ్ళకు చోటు చూపుచున్నారు. చెట్లు లేనిచోట ఇనుమైన మేలే. వానిపై పిల్లలను పెంచుచున్న గూడబాతులను చూచినప్పుడు నాకు సంతోషమును సిగ్గును ఒక్కసారిగా కలిగినవి.

ఊరు వదలని పక్షులును ఉన్నవి. కర్ణాటకమున మండ్య జిల్లాలో కొక్కరె బెళ్ళూరు అను గ్రామము కలదు. కొక్కరె అనగా వారి భాషలో కొంగయే. అక్కడ ఎర్రకాళ్ళ కొంగలును గూడబాతులును ఇండ్ల పెరళ్ళలోని చింతచెట్లపై గూళ్ళు కట్టును. గూళ్ళున్న చెట్టున చింతకాయ దులుపుటకు వీలుగాదు. రెట్టలవలన కాపును చెడును. ఆ నష్టమునకై అటవీశాఖవారు చెట్టు యజమానికి కొంత సొమ్ము చెల్లించు ఏర్పాటు చేసిరి. చెట్టు ఆతనిదే. నీడ ఆతనిదే. కొంగ నిలుచు ఋతువునకు మాత్రము సర్కారు బాడుగ. 2007లో ఆ చోటును సామాజిక సంరక్షణ క్షేత్రముగా ప్రకటించిరి. ఆ సొమ్ము చాలదను ఫిర్యాదులు అక్కడను లేకపోలేదు గాని, ఈ పద్ధతిలోని మర్యాదను చూడుడు! సర్కారు పెరటి గుమ్మమున నిలిచి, "అమ్మా, మీ చెట్టును మా కొంగలు వాడుకొన్నవి, ఇదిగో మీ బాకీ" అన్నట్లున్నది.

మా రాష్ట్రముననే నెల్లూరి ప్రక్క నేలపట్టు కలదు. కడపచెట్లపై గూళ్ళున్న ఆ చెరువు నీటిలో రెట్ట కలియుటచేత పంటకు బలమని ఆ యూరి రైతులు పక్షులను మెచ్చుకొందురు. గుంటూరు దాపున ఉప్పలపాటి వారు ఊరచెరువునే పక్షులకు విడిచిరి. తెలుగువానికి పక్షి యనిన గిట్టదనుట అబద్ధము. గిట్టుబాటు కావలెను, అంతే.

మూడేండ్ల క్రిందట మా తమ్ముడు భీమవరము వచ్చి, భోజనమైన పిమ్మట, మెల్లగా మాట కదపినాడు. "అక్కా, నీ చెక్క మధ్యలో అడ్డంగా ఉంది. ఈ పక్క నాదీ, ఆ పక్క బాబాయిగారిదీ కలిపితే ఒకటే చెరువవుతుంది. లీజుకు తీసుకునే మనిషి సిద్ధంగా ఉన్నాడు. వరి కౌలుకి రెండింతలు పైనే ఇస్తానంటున్నాడు." మాట అబద్ధము గాదు. ఉపాధ్యాయినిగా పనిచేసి విరమించుకొన్న నాకు పింఛను కలదు. మావారికి గుండె మందులు కలవు. ఆ రెండింతలు మా యింట అనవసరమైన సొమ్ము గాదు. మావారు వినుచు, "నీ భూమి, నీ యిష్టం" అని పత్రిక చేతబట్టుకొనిరి. ముప్పదియేడేండ్ల కాపురములో ఆయన నాకిచ్చిన బిరుదులలో ఈ రెండు మాటలను మించినది లేదు.

నేను ఇయ్యనంటిని. ఎకరమున్నరలో వరియే సాగవలెననియు, పల్లపు మడిని నీటికి వదలుదుననియు, గట్టువెంబడి నాలుగు నల్లతుమ్మలును కడపమొక్కలును నాటుదుననియు చెప్పితిని. తమ్ముడు నవ్వి, "కొంగలకి కౌలుకిస్తావా?" అనినాడు. పరిహాసమునకన్నదే యైనను, నాకు ఆ మాట బాగున్నది.

బాగున్నదని ఊరకుండుటకు వీలుగాదు. ఆ మడిని దున్నుచున్నది నేను గాదు గదా! మా కౌలుదారు ఇరువది యేండ్లనుండి ఆ భూమిని చేయుచున్నాడు. దాళ్వాలో ఆ ఎకరమునుండి వచ్చు గింజలే ఆతని యింటి తిండి. నేను భీమవరములో కుర్చీలో కూర్చుండి కొంగలపై దయ చూపుట సులువు. ఆ దయకు ఆతని కుండ వెలితి పడరాదు. కౌలులో ఎకరము వంతు తగ్గించి, దాళ్వా ఫలసాయమున ఖర్చులు పోను ఆతనికి మిగులునంత నేనే యేటేట ఇచ్చుటకు ఒప్పుకొని కాగితము వ్రాయించితిని. ఆతడు వ్రేలిముద్ర వేయువాడు గాడు, చదువుకొన్నవాడు. కాగితము రెండుసార్లు చదివి, "పంతులమ్మగారండీ, కొంగల తరపున ఎవరు సంతకం పెడతారండీ?" అని అడిగినాడు. ఆ ప్రశ్నకు జవాబు వెదకుటకే నేను కార్యాలయముల మెట్లెక్కితిని.

2022 ఏప్రిలులో భీమవరము జిల్లా కేంద్రమైనది గనుక కార్యాలయములకు దూరమెక్కువ లేదు. ఒక కార్యాలయమున, భూమి అభయారణ్యపు గీతకు వెలుపల నున్నది గనుక తమకు సంబంధము లేదనిరి. మరియొక చోట, పంట నమోదు లేని భూమికి ఏ పద్దునను పైసా రాదనిరి. కలువయు తుంగయు పంటలు గావు. మూడవ చోట నన్ను ఆదరముగా కూర్చుండబెట్టి, కాఫీ తెప్పించి, ఆ మడిని చేపల చెరువుగా త్రవ్వింపదలచినచో మార్గము చెప్పిరి. 2020లో ఆరంభమైన ప్రధానమంత్రి మత్స్యసంపద యోజనలో చెరువు త్రవ్వుకొనువారికి ఖర్చులో నూటికి 40 వంతులు సర్కారు సహాయము; స్త్రీలకైనచో నూటికి 60. స్త్రీనగుటచేత నాకు దొరికిన గౌరవములలో ఇది యొకటి! కొంగ ఇంటిని త్రవ్విపోయుటకు నూటికి అరువది; నిలుపుటకు సున్న. ఆ ఉద్యోగులు చెడ్డవారు గారు. పుస్తకములో గడి లేని దానిని వారెక్కడ వ్రాయుదురు?

చట్టములో మాత్రము ఒక గడి కలదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు 2002లో చేసిన సవరణతో 36-సి అను నిబంధన చేరినది. సమాజముగాని ఒక వ్యక్తిగాని స్వచ్ఛందముగా ముందుకు వచ్చినచో, వారి సొంత భూమిని రాష్ట్ర ప్రభుత్వము సామాజిక సంరక్షణ క్షేత్రముగా ప్రకటింపవచ్చును. పట్టా యజమానిదే యుండును. తరువాతి సవరణవలన నిర్వహణ సంఘమున యజమానికిని చోటు కలదు. ఇంతవరకు బాగుగనే యున్నది. ప్రకటన యైన పిమ్మట, సంఘము తీర్మానమును ప్రభుత్వము అనుమతియు లేక ఆ భూమి వాడుకను మార్చరాదు. అనగా నా తరువాత నా బిడ్డలును బద్ధులగుదురు. ఆ కట్టుబాటునకు బదులుగా ఏటేట ఇంత ఇచ్చెదమన్న మాట ఆ నిబంధనలో లేదు. త్యాగమును రిజిస్టరు చేయుదురు; దాని ఖర్చును మాత్రము త్యాగి యింటనే వదలుదురు. పింఛను గల నావంటివారు పదిమంది ముందుకు వత్తురు. రెండెకరముల రైతు ఎట్లు వచ్చును?

ఇతర దేశములలో దీనికి దారి కనిపెట్టినవారు కలరు. అమెరికాలో మురుగు తీసి సాగులోనికి తెచ్చిన చిత్తడినేలలు లక్షల యెకరములు. 1990 నాటి వ్యవసాయ చట్టముతో అక్కడి సర్కారు రైతునుండి భూమిని గాక, ఆ భూమిని దున్ను హక్కును మాత్రము కొనసాగినది. కొందరివద్ద ముప్పది యేండ్లకు, కొందరివద్ద శాశ్వతముగా. కాలువలు పూడ్చి నీరు మరల నిలుపుటకగు ఖర్చును భరించినది. 2014లో ఆ పథకము వేరొక పేరిటి దానిలో కలిసినను పద్ధతి నిలిచినది. కాలిఫోర్నియాలో వరి రైతులు గడ్డి తగులబెట్టుట తగ్గింపవలెనని 1991లో చట్టము వచ్చెను. రైతులు చలికాలమున చేలలో నీరు కట్టి గడ్డిని కుళ్ళబెట్టసాగిరి. ఆ నీటిపై బాతులు దిగినవి. అది చూచి ఒక ప్రకృతి సంరక్షణ సంఘము 2014 మొదలు, వలసపక్షులు వచ్చు వారములకు మాత్రము చేలలో జానెడు నీరు నిలుపుటకు రైతులను వేలము పాడుమనినది. ఎవరు తక్కువకు పాడిన వారి చేనికి ఆ కొలది వారముల కౌలు. కొంగకు కౌలన్న మా తమ్ముని పరిహాసము అక్కడ నిజమైన కాగితము.

నాకు వీనికంటె దగ్గరగా తోచినది జపానులోని తొయోఓక. అదియు మనవలె వరి పండించు పల్లపు సీమ. ఆ దేశమున స్వేచ్ఛగా తిరుగు కడపటి తెల్లకొంగ 1971లో ఆ యూరనే చచ్చెను. పురుగుమందులు కప్పలను చంపినవి. చేలలో నీరు త్వరగా తీసివేయుటచే చేపలు పోయినవి. కొంగకు మేత కరవైనది. తరువాత రష్యానుండి తెచ్చిన కొంగలను పెంచగా 1989లో పిల్ల పుట్టెను. 2005లో ఐదు కొంగలను ఆకాశములోనికి వదలిరి. వదలుటకు పూర్వమే రైతులతో మాట్లాడి యుండిరి. మందులు తగ్గించుట, తోకకప్పలు కప్పలగువరకు మడిలో నీరు తీయకుండుట, చలికాలమున నీరు కట్టుట - ఇవి నియమములు. సాగుచేయని మడులను నీటితో నుంచిన రైతునకు సర్కారు సొమ్ము చెల్లును. ఆ పద్ధతిని పండిన బియ్యము కొంగ పేరిట ఎక్కువ వెలకు అమ్ముడగును. కొంగ వచ్చిన చేను దరిద్రమైన చేను గాదు, ధరగల చేను అన్న భావము అక్కడ అట్లు పుట్టినది.

మన సర్కారు వద్ద ఇంత సొమ్ము లేదందురు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ వీధులలో నిలిచినప్పుడు ఎంత సొమ్ము పోయినదో లెక్కించువారు లెక్కింతురు. ఆ నీరంతయు కొల్లేటికే రావలసినది. నీటికి చోటుంచిన మడి కొంగకు మాత్రమే ఇల్లు గాదు. వరద వచ్చిన నాడు అది పట్టణమునకును చోటు. పదిమంది పట్టణవాసుల గుమ్మము తడవకుండ పల్లెలోని యొకడు తన పంట తడుపుకొన్నచో, ఆతనికి చెల్లించునది ధర్మము గాదు, బాకీ.

ఇక నా మడి సంగతి. మూడు వర్షాకాలములు గడచినవి. మొదటి యేడు గుర్రపుడెక్క కమ్ముకొన్నది. కూలీలను పెట్టి తీయించితిమి. రెండవ యేడు కలువ తనంతట వచ్చినది. నత్తగుల్ల కొంగలు రెట్టింపుగా దిగినవి; నల్ల కంకణములు క్రొత్తగా వచ్చినవి. తుమ్మలు నా భుజమెత్తు పెరిగినవి. గూటికి ఇంక ఐదారేండ్లు పట్టును. పొరుగు చెరువు యజమాని ఒకనాడు మా గుమ్మమునకు వచ్చి, "అమ్మగారండీ, మీ మడిలో వాలిన నీటికాకులు మధ్యాహ్నానికి నా చెరువులో ఉంటున్నాయండీ. మీకు పుణ్యం, నాకు నష్టం" అనెను. ఆతని మాటలో న్యాయము కలదు. నా ఎకరము దయ ఆతని చెరువుపై పన్ను గారాదు. కొంగకు కౌలు లెక్కించునప్పుడు ఆతని నష్టమునకును ఒక అంకణము పెట్టవలెనని నేను వ్రాసికొంటిని.

మా కౌలుదారు ఇప్పుడు సాయంకాలము గట్టుమీద కూర్చుండి, ఏ పక్షి ఎన్ని వచ్చినదో నోటుపుస్తకములో గీతలు పెట్టుచున్నాడు. నేను చెప్పలేదు, తన కుమార్తె బడికి కావలెనని మొదలుపెట్టినాడట. ఆ లెక్క చూచి నాకొక ఆలోచన కలిగినది. కౌలు కాగితమునకు లెక్క కావలెను గదా. ఎన్ని నెలలు జానెడు నీరు నిలిచినది, ఎన్ని పక్షులు మేసినవి, వరి ఎంత పోయినది - ఈ మూడును పంచాయతీవారు చూచి సంతకము పెట్టినచో, ఎకరమునకు వరి కౌలంత సొమ్మును సర్కారు ఏటేట చెల్లింపవచ్చును. ఐదేండ్లకొకసారి కాగితము తిరుగ వ్రాసికొనవచ్చును. ఇష్టము లేని రైతు విడిపోవచ్చును. గీత లోపలి జిరాయితీదారులకు ఈ కౌలు ముందుగా అందవలెను. వారు ఇరువదియారేండ్లకు పైగా ఉచితముగా ఇచ్చుచున్నారు.

ఈ విధముగనే ఒక అర్జీ వ్రాసి, మా కౌలుదారు నోటుపుస్తకము నకలును పొరుగు చెరువు యజమాని మొరను జతపరచి, ఆ మూడు కార్యాలయములకును పంపితిని. పొరుగాయన తన కాగితముపై తానే సంతకము పెట్టినాడు. ఒక చోటినుండి మాత్రము రసీదు వచ్చినది. ఉగాదితో మా కౌలు గడువు తీరును. తమ్ముడు చెరువు మాట మరల ఎత్తినాడు. లీజు వెల మునుపటికంటె పెరిగినదట. ఈ యేటికి మా కౌలుదారునకు ఇయ్యవలసిన సొమ్మును పింఛనునుండి తీసి వేరుగా ఉంచితిని.